కొద్ది రోజుల మంత్రి

ఆ ఇంట్లో నా చేతికి రాని పని ఒక్కటే ఉండేది, యజమాని యూనిఫాం ఇస్త్రీ. అది ఆయనే చేసుకునేవాడు. శుక్రవారం నమాజు నుంచి వచ్చి, అన్నం తిని, హాల్లో బల్ల వేసుకుని నిలబడేవాడు. చొక్కా చేతి మీద మడత కత్తి అంచులా రావాలి. రాకపోతే నీళ్లు చల్లి మళ్లీ మొదలుపెట్టేవాడు. కువైట్ సైన్యంలో మేజరు. మాట తక్కువ. కోపం వచ్చినా గొంతు పెరిగేది కాదు. గుమ్మం ముందు తొట్లలో టమాటా మొక్కలు పెంచేవాడు. ఆ ఎండకు అవి పూతకొచ్చి రాలిపోతుంటే ఆకులను వేలితో ఎత్తి చూసి ఊరుకునేవాడు.

నేను కడప జిల్లా నుంచి వాళ్లింటికి పనికి పోయి అప్పటికి ఏడాదిన్నర. కువైట్ పోవడం మా వైపు ఆడవాళ్లకు వింత కాదు. అక్కడ యజమానిని బాబా అనాలి, యజమానురాలిని మామా అనాలి. మొదట్లో నాకు నోరు తిరిగేది కాదు. మా ఊళ్లో మామ అంటే మీసమున్న మనిషి. ఈ మామా బడిలో పిల్లలకు భూగోళం చెప్పేది. నా కంటే నాలుగేళ్లు పెద్దదేమో. వాళ్లకు ఒక్కతే కూతురు. ఏడేళ్ల పిల్ల, నన్ను వదిలేది కాదు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడిన తెల్లవారుజామున ఆయన ఇంట్లో లేడు. ముందు రోజే క్యాంపుకు పోయాడు. ఫోన్ ఒక్కసారి మోగింది. "తలుపులు వేసుకోండి. కిటికీల దగ్గరికి పోవద్దు" అన్నాడట. ఆమె ఏదో అడగబోయేసరికి లైను తెగింది. ఆ తర్వాత ఆయన గొంతు మళ్లీ వినిపించింది ఎన్నో నెలలకు, అదీ వేరే దేశంలో.

మర్నాడు ఆమె తండ్రి వచ్చాడు. హజ్ చేసిన పెద్దమనిషి కాబట్టి అందరం హజ్జీ అనేవాళ్లం. పెద్ద బండి తెచ్చాడు. వెనక నీళ్ల డబ్బాలు, పెట్రోలు డబ్బాలు.

"బయల్దేరు. సౌదీ పోదాం" అన్నాడు కూతురితో.

"ఆయన వచ్చి చూస్తే ఇంట్లో ఎవరూ ఉండరు."

"ఆయన సైనికుడు. ఆయన చోటు ఆయనకుంది. నీ చోటు నీ కూతురి పక్కన."

ఆమె నా వైపు చూసింది. నా పాస్‌పోర్టు బాబా దగ్గర ఉండేది, బ్యాంకు పెట్టెలోనో, ఆఫీసులోనో. ఎక్కడుందో ఆమెకూ తెలియదు. ఏ కాగితమూ లేకుండా నేను ఎక్కడికి పోవాలి? ఆమె అదేమీ మాట్లాడలేదు. లోపలికి పోయి ఒళ్లంతా కప్పే తన నల్ల అబాయా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "వేసుకో" అంది. అది నాకు పొడుగైంది. దారి పొడుగునా కాళ్లకు చుట్టుకుంటూనే ఉంది.

రోడ్డు మీద సైన్యం ఉందని ఇసుకలో పడి పోయాం. బండి కూరుకుపోయినప్పుడల్లా దిగి చేతులతో ఇసుక తోడాం. పిల్ల ఏడుపు మానేసి నిద్రపోయింది, అదే నాకు భయమేసింది. సౌదీ వైపు చేరాక అక్కడి సిపాయి లోపలికి తొంగి చూసి నన్ను చూపించి అడిగాడు, "ఈమె ఎవరు?"

"మా మనిషి" అంది ఆమె.

సిపాయి ఇంకేమీ అడగలేదు. పొమ్మన్నాడు.

*

సరిహద్దు ఊరు ఖఫ్జీ దాటి, సముద్రం పక్కనున్న దమ్మాం చేరాం. అక్కడ సర్కారు కట్టించి ఖాళీగా ఉంచిన ఎత్తైన భవనాలుండేవి. వాటిని కువైట్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు ఇచ్చారు. ఒక్కో అంతస్తులో నాలుగైదు కుటుంబాలు. దుప్పట్లు, గిన్నెలు ఊళ్లోవాళ్లు తెచ్చి పెట్టేవాళ్లు. మధ్యాహ్నమయ్యేసరికి పెద్ద పెద్ద పళ్లేలలో అన్నం, మాంసం వచ్చేవి. అందరి తలుపులూ తెరిచే ఉండేవి. ఆడవాళ్లంతా ఒకరింట్లో చేరి రేడియో పెట్టుకుని కూర్చునేవాళ్లు.

ఆ మొదటి రోజుల్లో మా మామాకు అక్కడ పెద్ద మర్యాద. మేజరు భార్య కదా. ఆమె వస్తే లేచి చోటిచ్చేవాళ్లు. "ఆయన యుద్ధంలో ఉన్నాడు, దేవుడు కాపాడతాడు" అని చెయ్యి పట్టుకునేవాళ్లు. ఒక ముసలామె మా పిల్లను పిలిచి నుదుట ముద్దు పెట్టి, "మీ నాన్న సింహం" అంది. పిల్ల నా దగ్గరికి వచ్చి సింహానికి టమాటాలంటే ఇష్టమా అని అడిగింది.

తర్వాత ఇరాక్ రేడియో ఒక మాట చెప్పింది. కువైట్‌లో కొత్త ప్రభుత్వం వచ్చిందట. కువైట్ సైన్యంలోని కొందరు అధికార్లే తిరగబడి రాజును వెళ్లగొట్టారట, వాళ్లే ఇరాక్‌ను సాయం పిలిచారట. వింటున్నవాళ్లంతా అది అబద్ధమని ఉమ్మేశారు. ఎవరా అధికార్లు అన్నది అప్పటికి ఎవరికీ తెలియదు.

వేసవిలో ఆ సముద్రం పక్క ఊళ్లలో ఒక చిత్రం ఉండేది. గాలిలో తేమ ఎక్కువైతే పైకప్పు మీద యాంటెన్నాకు దూరపు దేశాల టీవీలు అందేవి. ఒక రోజు మధ్యాహ్నం పక్కింట్లో అలాగే ఇరాక్ టీవీ దొరికింది. తెర నిండా చుక్కలు. ఆ చుక్కల మధ్య కొందరు మగవాళ్లు వరుసగా సోఫాల్లో కూర్చుని ఉన్నారు. యూనిఫాంలో కాదు, కాళ్ల దాకా ఉండే తెల్లని దిష్‌దాషాల్లో. ఎదురుగా ఆ దేశపు అధ్యక్షుడు ఏదో చెబుతున్నాడు. కెమెరా ఒక్కొక్కరి మీదుగా పోతూ ఉంది.

"బాబా" అంది నా ఒళ్లో కూర్చున్న పిల్ల.

గది నిండా ఆడవాళ్లున్నారు.  మామా తెర దగ్గరికి పోయి వంగి చూసింది.

"కాదు. ఆయన అలా కూర్చోడు" అంది.

నిజమే, ఇంట్లో ఆయన ఎప్పుడూ నిటారుగా కూర్చునేవాడు. తెర మీది మనిషి భుజాలు ముందుకు పడి, రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని ఉన్నాడు. కానీ అంతలో వార్తలు చదివేవాడు పేర్లు చదివాడు. ఆయన పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఇంటిపేరు. చివర్లో ఏదో శాఖ మంత్రి అన్నాడు. ఆ శాఖ పేరు నాకు అర్థం కాలేదు. నాకు అర్థమైన మాట ఒకటే, వజీర్. మంత్రి.

ఆ ఇంటి ఆమె లేచి టీవీ ఆర్పేసింది. మామా నా వైపు తిరిగి, "పద, పొయ్యి మీద బియ్యం పెట్టి వచ్చాం" అంది. పొయ్యి మీద ఏమీ లేదు. నేను పిల్లను ఎత్తుకుని ఆమె వెనకే నడిచాను.

*

ఎవరూ మమ్మల్ని ఒక్క మాటనలేదు. పళ్లేలు మాత్రం పక్క తలుపు దాకా వచ్చి అక్కడి నుంచి అవతలి తలుపుకు పోయేవి. మేం లిఫ్టులో ఉంటే కింద నిలబడ్డవాళ్లు ఎక్కేవాళ్లు కాదు, ఇంకోసారి వస్తుందిలే అన్నట్టు గోడకేసి చూసేవాళ్లు. నుదుట ముద్దు పెట్టిన ముసలామె మమ్మల్ని చూసి తలుపు మూసుకుంది. పిల్ల ఆడుకోవడానికి కిందికి పోయి వెంటనే వచ్చేసేది. అడిగితే, "నన్ను వజీర్ కూతురంటున్నారు. వజీర్ అంటే తిట్టా?" అంది.

హజ్జీ భవనం కిందున్న మసీదు మానేసి, బండి వేసుకుని దూరంగా ఎవరికీ తెలియని మసీదుకు పోవడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం కూతురిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఖాజీ దగ్గరికి పోదాం. తెంచేసుకో" అన్నాడు.

"బతికున్నాడో లేడో తెలియని మనిషితో ఏం తెంచుకోవాలి నాన్నా?"

"టీవీలో బతికే ఉన్నాడు."

"అది ఆయనో కాదో నాకు తెలియదు."

"నీ కూతురికి తెలిసింది."

 హజ్జీ తస్బీ పూసలు తిప్పుతూ కూర్చున్నాడు. "నేను ఈ వయసులో తల దించుకుని నమాజుకు పోతున్నాను. దేవుడి ముందు దించుకోవడం వేరు" అన్నాడు. ఆయన మంచివాడే. ఇసుకలో నుంచి మమ్మల్ని ఈవలికి తెచ్చింది ఆయనే. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడం ఆమె వల్ల అయ్యేది కాదు.

కొద్ది రోజులకే ఇరాక్ ఆ ప్రభుత్వాన్ని కూడా ఎత్తేసింది. కువైట్ ఇక దేశమే కాదు, తమ రాష్ట్రాల్లో ఒకటి అని ప్రకటించింది. మంత్రులు లేరు, మంత్రివర్గం లేదు. ఆయన టీవీలో మళ్లీ కనిపించలేదు. కనిపించినప్పటి కంటే కనిపించనప్పుడే ఆమెకు నిలకడ పోయింది. రేడియో చెవికి పెట్టుకుని ఈ గదిలో నుంచి ఆ గదిలోకి, ఆ గదిలో నుంచి వరండాలోకి తిరిగేది. ఒక దేశం స్టేషను పెట్టి సగం వార్త వినకుండానే ఇంకో స్టేషనుకు మార్చేది. ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టి కత్తి అక్కడే వదిలి పోయేది. మంచాలు ఈ గోడ నుంచి ఆ గోడకు జరపమనేది. మర్నాడు మళ్లీ మొదటి చోటికి జరిపేవాళ్లం. ఆమెతో పాటు నేనూ ఒక చోట కూర్చోలేకపోయేదాన్ని. మా ఇంట్లోవాళ్లకు నేను బతికున్నట్టు తెలియదు. తెలిపే దారీ లేదు.

ఆ తిరుగుళ్లలో నాకు మా పెదనాన్న గుర్తొచ్చేవాడు. మాది పార్టీల ఊరు. రెండు పెద్దిళ్ల మధ్య కక్షలు. మా వాళ్లంతా ఒక ఇంటి వైపు. ఒకసారి పంచాయతీ ఎన్నికల ముందు అవతలి వాళ్లు మా పెదనాన్నను పొలం దగ్గర పట్టుకుని జీపులో ఎక్కించుకుపోయి తమ వైపు నిలబడేటట్టు చేశారు. మర్నాడు పూలదండ వేసి ఊరంతా తిప్పారు. జీపు మీద నిలబడి చేతులు జోడించిన మనిషిని అందరూ చూశారు. జీపులోకి ఎక్కించినప్పుడు ఎవరూ చూడలేదు. ఆయన చచ్చిపోయేదాకా మా వీధిలో పెళ్లి పిలుపు ఆయన గడప తొక్కలేదు. ఆయన నిజంగా బలవంతాన పోయాడా, ఆశపడి పోయాడా అన్నది మా నాన్నకు కూడా తెలియదు. అడగలేదు.

*

చలి మొదలయ్యేసరికి దమ్మాం విడిచిపెట్టాం. యుద్ధం తప్పదని అందరూ అంటున్నారు, క్షిపణులు మొదట పడేది సముద్రం పక్కనే అంటున్నారు. మేం పోవడానికి అసలు కారణం అది కాదని నాకు తెలుసు. హజ్జీ పినతండ్రి కొడుకు ఒకాయనకు సముద్రానికి దూరంగా, బురైదా దగ్గర ఖర్జూరపు తోటలున్నాయి. పొమ్మన్నట్టు కాకుండా రమ్మన్నట్టు పిలిచింది ఆయన ఒక్కడే. తోట చివర ఒక ఇల్లు ఇచ్చాడు. నా పూచీ తన మీద వేసుకుని, కఫాలా కిందికి తీసుకుని, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం పని మొదలుపెట్టించాడు.

ఆ తోటలో నాకు మళ్లీ తెలుగు దొరికింది. నిజామాబాద్ వైపు మనిషి ఒకతను అక్కడ డ్రైవరు. ఖర్జూరాల లారీ తోలేవాడు, అవసరమైతే ఇంటి బండీ తోలేవాడు. నన్ను అక్కా అనేవాడు. మొదటి వారంలోనే, పంపు దగ్గర గిన్నెలు తోముతుంటే వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, గా ఇంటామె మొగడు దుష్మన్‌గాళ్లతోని కలిసిండంట గదా? మంత్రి అయిండంట."

"నీకెవరు చెప్పినారు?"

"అందరు అనుకుంటున్నరు. దమ్మాం నుంచి వచ్చిన లారీ డ్రైవర్లు చెప్పిన్రు."

"కలిసినాడో, కలిపినారో. నువ్వు చూసినావా? నేను చూళ్లా."

"నాకెందుకక్కా, అడిగిన గంతే" అన్నాడు. పంపు కట్టేస్తూ, "మరి నువ్వేం అనుకుంటున్నవ్?" అన్నాడు.

"ఆయప్ప ఇస్త్రీ బట్టల మీద నీటి చుక్క పడినా ఓర్చుకోడు. అంతే నాకు తెలిసింది" అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

యుద్ధం జనవరిలో మొదలైంది. బురైదా మీద ఏమీ పడలేదు. అయినా కిటికీల సందులకు టేపు అంటించాం, ఒక గదిలో నీళ్లు, రొట్టెలు పెట్టుకున్నాం. విషవాయువు ముసుగులు వచ్చాయి. పిల్ల దాన్ని పెట్టుకుని అద్దంలో చూసుకుని భయపడింది. మామా మాత్రం ఆ గదిలో కూర్చునేది కాదు. బాంబులు పడుతున్న ఊళ్ల పేర్లు రేడియోలో వచ్చినప్పుడల్లా నేల మీద వేలితో వాటిని గుర్తుపెడుతూ, ఏది ఎక్కడుందో కూతురికి చెప్పేది. ఆయన ఏ ఊళ్లో ఉండి ఉంటాడో ఆ వేలు వెతుకుతున్నట్టుండేది.

కువైట్ విడుదలైన రోజు తోటలో హారన్లు మోగించారు. తోట యజమాని ఇంట్లో మిఠాయిలు పంచారు. హజ్జీ నుదురు నేలకానించి సజ్దాలో పడి ఏడ్చాడు. మామా పళ్లెంలో నుంచి ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుని, నమలకుండా చాలాసేపు అలాగే నిలబడింది.

కొన్ని రోజుల తర్వాత తోట యజమాని ఇంటికి ఫోన్ వచ్చింది. ఇరాక్ వదిలిపెట్టిన ఖైదీలను ఉత్తరాన అరార్ దగ్గర సరిహద్దు దాటిస్తున్నారు. వాళ్లలో ఆయన ఉన్నాడు.

*

పొద్దున్నే బయల్దేరాం. నిజామాబాద్ తమ్ముడు బండి తోలాడు. హజ్జీ ముందు, మేం ముగ్గురం వెనక. హజ్జీ వస్తాడనుకోలేదు. "మగతోడు లేకుండా అంత దూరం ఎలా పంపను" అన్నాడు గానీ, మొహం మాత్రం కిటికీ వైపే ఉంచాడు. దారి ఎంతకీ తరగలేదు. రెండు వైపులా రాళ్లు, మధ్య మధ్య సైనికుల లారీలు. పిల్ల ఎవరి దగ్గరికి పోతున్నామని అడగలేదు.

విడిచిపెట్టినవాళ్లను ఒక పెద్ద ఆవరణలో ఉంచారు. ఆయన బయటికి వచ్చినప్పుడు నేను ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. సగమైపోయాడు. ఎవరో దానమిచ్చిన తోబ్, ఆ పొడుగు అంగీ, చీలమండల పైకే ఆగిపోయింది. గడ్డం నెరిసింది. పిల్ల నా అబాయాలో దూరింది. ఆయన పిల్ల వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

నీడలో చాప వేసుకుని కూర్చున్నాం. ఫ్లాస్కులో టీ తెచ్చాను. పిల్ల నన్ను వదలలేదు కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. హజ్జీ దూరంగా బండి దగ్గరే నిలబడ్డాడు.

"చెప్పు" అంది మామా.

ఆయన గ్లాసు పట్టుకున్నాడు, తాగలేదు. "పట్టుకున్న మర్నాడు స్నానం చేయమన్నారు. కొత్త దిష్‌దాషా ఇచ్చారు. వదిలేస్తున్నారనుకున్నాను. కారు ఎక్కించారు. బాగ్దాద్‌లో ఒక గదిలో కూర్చోబెట్టి పేర్లు చదివారు. నా పేరు పక్కన మంత్రి అని చదివారు."

"నువ్వేమన్నావు?"

"ఆ శాఖ గురించి నాకేమీ తెలియదన్నాను. తెలియనక్కర్లేదన్నారు."

"వద్దనలేదా?"

ఆయన సరిహద్దు వైపు చూశాడు. "నా పక్కన ఒక కెప్టెన్ ఉన్నాడు. నాకంటే చిన్నవాడు. అతను వద్దన్నాడు. అతన్ని బయటికి తీసుకుపోయారు. తర్వాత నా వంతు వచ్చింది. నేనేమీ అనలేదు."

"అతనేమయ్యాడు?"

"తెలియదు. చంపేశారనే అనుకున్నాను. కుర్చీ చూపించారు, కూర్చున్నాను. కెమెరా తెచ్చారు, చూశాను. తర్వాత మమ్మల్ని అక్కర్లేదన్నారు. ఇక ఖైదీనే."

మామా ఆయన చేతిలోని చల్లారిన గ్లాసు తీసుకుని పారబోసి, మళ్లీ వేడి టీ పోసి ఇచ్చింది. "నువ్వు కువైట్ పోయి ఇదే మాట వాళ్లకు చెప్పాలి" అంది.

హజ్జీ అప్పుడు దగ్గరికి వచ్చాడు. నిలబడే మాట్లాడాడు. "చెబితే నమ్ముతారా? ఇక్కడే ఎక్కడన్నా ఉండిపో. మా పేరు మళ్లీ జనం నోట్లో పడనీకు."

"నమ్మకపోతే నమ్మకపోనీ నాన్నా. ఆయన నోటితో ఒకసారి చెప్పాలి" అంది ఆమె. తండ్రి మాట ఆమె సూటిగా కొట్టెయ్యడం నేను చూసింది అప్పుడే.

ఆయన కువైట్ పోయాడు. మేం బురైదాకు తిరిగొచ్చాం. విచారణ నెలల తరబడి సాగింది. ఆ నెలలన్నీ ఆమె తోటలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేది. ఖర్జూరాలు కోతకొచ్చాయి. గెలలు దించేవాళ్లు ఆమెను చూసి నిచ్చెనలు పక్కకు తీసి దారిచ్చేవాళ్లు.

ఎండలు తగ్గుతుండగా ఆయన తిరిగొచ్చాడు. శిక్ష పడలేదు. సైన్యంలోకి మళ్లీ తీసుకోలేదు. ఆ రోజు భోజనాల దగ్గర ఆయన చెప్పింది నేను అన్నం వడ్డిస్తూ విన్నాను.

"కెప్టెన్ బతికే ఉన్నాడు. విచారణకు వచ్చాడు."

మామా చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది.

"బాగా కొట్టారట. ఒక చెయ్యి సరిగా లేవడం లేదు. కానీ బతికే ఉన్నాడు. నా గురించి అడిగారు. 'భయపడ్డాడు, అంతకు మించి ఏమీ చేయలేదు. భయం నేరమైతే మా క్యాంపులో అందరినీ పట్టుకోవాలి' అన్నాడు. అతను అలా చెప్పబట్టే నన్ను వదిలారు."

"దేవుడి దయ" అన్నాడు హజ్జీ.

"వద్దన్నవాడు కూడా బతికే ఉన్నాడు" అన్నాడు ఆయన మళ్లీ. అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. విచారణ అయ్యాక బయట అతన్ని కలిసి కృతజ్ఞతలు చెప్పబోతే అతను బాగున్న చేతిని అడ్డంగా ఊపి వెళ్లిపోయాడట.

*

వాళ్లు కువైట్ పోలేదు. పోతే పాత వీధి, పాత పొరుగు. తోట యజమాని ఆయనకు పంపులు, నీటి పని అప్పగించాడు. మామాకు బురైదాలో ఆడపిల్లల బడిలో ఉద్యోగం దొరికింది. హజ్జీ మాత్రం కువైట్ వెళ్లి తన ఇంట్లో ఒంటరిగా ఉన్నాడు. పండగలకు వచ్చేవాడు. అల్లుడితో మాట్లాడేవాడు, కానీ పేరు పెట్టి పిలిచేవాడు కాదు.

తోటలో కొందరు అరబ్బులు ఆయన వెనక నుంచి "వజీర్" అని కేకేసి నవ్వేవాళ్లు. చెట్లెక్కే బంగ్లాదేశ్ వాళ్లకు, పాకిస్తాన్ వాళ్లకు ఆ కథ తెలియదు. అది ఆయన పేరే అనుకున్నారు. "వజీర్ సాబ్, మోటరు ఆగిపోయింది", "వజీర్ సాబ్, సలాం" అని చేతులు గుండెకు ఆనించుకుని మర్యాదగా పిలిచేవాళ్లు. మొదటిసారి అలా పిలిచినప్పుడు ఆయన మొహం తెల్లబోయింది. నేను నిజామాబాద్ తమ్ముడిని పట్టుకున్నాను.

"వాళ్లకు చెప్పు, అట్లా పిలవొద్దని."

"చెప్తే ఎందుకని అడుగుతరు అక్కా. అప్పుడు మొత్తం చెప్పాల్సొస్తది. గిదే మంచిగుంది. వాళ్లు ఇజ్జత్‌తోనే అంటున్నరు."

అతను చెప్పిందీ నిజమే. కొన్నాళ్లకు ఆయన ఆ పిలుపుకు తల తిప్పడం నేర్చుకున్నాడు. ఎగతాళిగా పిలిచినవాళ్లకూ, ప్రేమగా పిలిచినవాళ్లకూ ఒకే గొంతుతో "చెప్పు" అనేవాడు. కానీ ఒక పని దగ్గర నిలబడేవాడు కాదు. ఒక పంపు విప్పి, బాగుచేయకుండానే ఇంకో పంపు దగ్గరికి పోయేవాడు. భోజనానికి కూర్చుని మధ్యలో లేచి గేటు దాకా పోయి చూసి వచ్చేవాడు. ఎవరి కోసమో మాకు చెప్పలేదు. యూనిఫాం లేదు కదా, శుక్రవారం మధ్యాహ్నాలు ఆయనకు చాలా పొడుగు. పిల్ల ఆయన దగ్గరికి మెల్లగా చేరింది. దూరంగా కూర్చుని చూసేది. తర్వాత స్పానర్లు అందించేది. బాబా అని మళ్లీ పిలవడానికి ఏడాది పైనే పట్టింది.

నేను ఇంకో మూడేళ్లు ఉన్నాను. రాయబార కార్యాలయం నుంచి కొత్త పాస్‌పోర్టు వచ్చింది, దేశం విడిచిపోవడానికి ఎగ్జిట్ ముద్ర కొట్టించారు. మా అమ్మకు బాగాలేదని కబురు రావడంతో ఇక ఆగలేకపోయాను. బయల్దేరే ముందు మామా వంటగదిలోకి వచ్చి నా పక్కన నిలబడింది. 

"ఒకటి అడగనా మామా?" అన్నాను.

"అడుగు."

"హజ్జీ చెప్పినట్టు చేసి ఉంటే మీ బతుకు సులువయ్యేది కదా."

ఆమె సింకులోకి చూస్తూ చెప్పింది. "ఆ గదిలో నేనుంటే వద్దనేదాన్నా అని రోజూ నన్ను నేనే అడుగుతాను. ఒక రోజు అనేదాన్ని అనిపిస్తుంది. ఒక రోజు అనిపించదు. అది తేలేదాకా ఆయన్ను వదిలే హక్కు నాకెక్కడిది?"

తేలిందో లేదో నాకు తెలియదు. ఆమె నాకు ఇంకో అబాయా ఇవ్వబోయింది, ఈసారి నా పొడుగుకు కుట్టించింది. మా ఊళ్లో ఎక్కడ వేసుకుంటానని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. తీసుకున్నాను.

నిజామాబాద్ తమ్ముడు ఆ తర్వాత చాలా ఏళ్లు అక్కడే ఉన్నాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఫోన్ చేసేవాడు. అతని నోటి వెంటే నాకు వాళ్ల సంగతులు తెలిసేవి. మామా బడిలో పెద్ద టీచరయింది. పిల్ల చదువుకుని రియాద్‌లో ఉద్యోగంలో చేరింది. ఆయన మాత్రం బురైదాలో నిలవలేదు. ఎవరో కువైట్ వాళ్లు తోట చూడ్డానికి వచ్చి గుర్తుపట్టారట. మర్నాడే ఉత్తరాన తబూక్ పోయి అక్కడి గోధుమ పొలాల్లో నీటి పనికి కుదిరాడు. అక్కడా కొన్నేళ్లకు ఎవరో గుర్తుపట్టారట, లేక గుర్తుపట్టారని ఆయన అనుకున్నాడో. రంజాన్‌కు ఇంటికి వస్తాడు, పండగ కాగానే పోతాడు.

కిందటిసారి ఫోన్‌లో అడిగాను, "ఇప్పుడు యాడ ఉండాడు?"

"జిజాన్‌ల ఉన్నడంట అక్కా, గా యెమెన్ సరిహద్దు కాడ. మామిడి తోటల. ఆడ ఆయనను ఎరిగినోళ్లు ఎవ్వరు లేరంట."

"ఒంట్లో బాగుందా?"

"మంచిగనే ఉన్నడంట. మామా పోయి చూసొచ్చింది. ఆడ చెట్లు మస్తు కాస్తున్నయంట."

"ఎన్నాళ్లుంటాడంట ఆడ?"

"అది ఎవరు చెప్పగలరక్కా" అన్నాడు. తర్వాత వాళ్ల ఊళ్లో వానల సంగతి చెప్పాడు, మా ఊళ్లో వానలు పడ్డాయా అని అడిగాడు. ఇంకా లేదన్నాను.